రోగి మాట నేరుగా వినండి

పట్టాలు పుచ్చుకున్న యువ వైద్యులందరికీ నా అభినందనలు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే కాబట్టి సూటిగా అందులోకే వస్తాను. మీరు ఇంకొక భాష నేర్చుకోండి. మీ దగ్గరికి వచ్చే రోగి ఇంట్లో మాట్లాడే భాష నేర్చుకోండి.

నా ఉద్యోగం ఉట్నూరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదలైంది. కరీంనగర్‌లో పెరిగి వరంగల్‌లో చదివినదాన్ని. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు వచ్చు. అక్కడ ఓపీ వరుసలో ఆ మూడింటితో పాటు గోండీ, కొలామీ, మరాఠీ, లంబాడీ వినబడేవి. సంత రోజైతే అన్నీ ఒకేసారి వినబడేవి.

ఒక వానాకాలం, జ్వరాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక గోండు ఇల్లాలు వచ్చింది. తోడుగా మరిది. ఆమెకు తెలుగు రాదు, అతనికి కొంచెం వచ్చు. "ఎన్నాళ్ల నుంచి?" అని నేనడిగితే అతను ఆమెను అడిగాడు. ఆమె చాలాసేపు చెప్పింది. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూపించింది. మధ్యలో ఆగి, నేల చూపులు చూసి, మళ్లీ అందుకుంది. అంతా విని అతను నావైపు తిరిగి, "జరమంట మేడం" అన్నాడు. అంతే.

అతన్ని తప్పుపట్టలేం. వదిన నెలసరి సంగతి మరిది పరాయి మనిషికి ఎలా చెబుతాడు? అసలు అతను పక్కనుంటే ఆమె మాత్రం ఎంతవరకు చెబుతుంది? మీ పాఠ్యపుస్తకాల్లో రోగ చరిత్ర సేకరణ గురించి మంచి అధ్యాయాలున్నాయి. మధ్యలో ఒక మరిది కూర్చుంటే ఆ చరిత్రలో ఎన్ని పేజీలు మాయమవుతాయో వాటిలో ఉండదు. ఆ పేజీలు పోయిన కేసుషీటు ఎంత చక్కని దస్తూరిలో రాసినా చికిత్సకు అక్కరకు రాదు.

నేను గోండీ నేర్చుకున్నది మా వార్డు ఆయమ్మ దగ్గర. మధ్యాహ్నం ఓపీ అయ్యాక నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేదాన్ని. ముందు ప్రశ్నలు రాసుకున్నాను. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, చలి వచ్చి జ్వరం వస్తోందా, బిడ్డ పాలు తాగుతోందా, మూత్రం సరిగా వస్తోందా, నెల తప్పిందా. ఆ తర్వాత జవాబులు. ప్రశ్నలు నేర్చుకోవడం తేలిక, జవాబులు అర్థం చేసుకోవడమే కష్టం. వాళ్లు పుస్తకంలో ఉన్నట్టు జవాబివ్వరు కదా. అయితే గోండీ, తెలుగు ఒకే ద్రావిడ శాఖకు చెందిన భాషలు. లెక్కల దగ్గరికొచ్చేసరికి తెలుగువాళ్లకు సగం తెలిసినట్టే ఉంటుంది. ఎన్ని రోజులు, ఎన్నిసార్లు, ఎంతమంది పిల్లలు అన్న సంగతి త్వరగానే పట్టుబడింది.

అదే ఇల్లాలు తర్వాత ఏడాది మళ్లీ వచ్చింది. మరిదిని బయట కూర్చోమని నేనే మాట్లాడాను. అప్పుడు చెప్పింది, అంతకుముందు రెండు కడుపులు నిలవలేదని, రెండుసార్లూ చలిజ్వరం తర్వాతే పోయిందని, ఇప్పుడు మళ్లీ నెల తప్పిందని. గర్భిణికి మలేరియా వస్తే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రక్తపరీక్ష చేయించాం, ఫాల్సిపేరం. మొదటి మూడు నెలల్లో దానికి అప్పట్లో క్వినైనే దిక్కు. వార్డులో పెట్టుకుని ఇచ్చాం. ఆ కడుపు నిలిచింది. పోయిన కడుపుల సంగతి ఆమె ఏడాది ముందే చెప్పింది. అప్పుడు నాకు చేరలేదు.

క్వినైన్ అనగానే నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, దండలు వేస్తాం, వాడుక భాష గురించి మాట్లాడి ఇంటికెళ్లిపోతాం. ఆయన జీవితంలో మరో సగం మన పిల్లలకు ఎవరూ చెప్పరు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నారు. సవర మన ద్రావిడ భాష కాదు, సంతాలీ, ముండారీల కుటుంబం. తెలుగు ఆసరా అక్కడ పనిచెయ్యదు. రెండు భాషలూ తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, కొండ పల్లెలు తిరిగి నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. కొండల్లో తిరిగితే మలేరియా, మలేరియాకు క్వినైన్. ఆ క్వినైన్‌తో ఆయనకు చెవుడు వచ్చింది. ఆ మందు చెవి మీద చేసే పని మీరు ఫార్మకాలజీలో చదివారు. ఒక భాష వినడం కోసం వెళ్లి వినికిడినే పోగొట్టుకున్న మనిషి, ఆ తర్వాత కూడా రెండు నిఘంటువులు పూర్తిచేశారు. తెలుగు మీద ప్రేమకు, సవర మీద శ్రద్ధకు ఆయనలో తగవు రాలేదు. ఇంకో భాష నేర్చుకుంటే సొంత భాష పలచబడుతుందని బెంగపడే తల్లిదండ్రులు ఈ హాల్లో ఉంటే, ఒక్కసారి ఆయన్ని తలుచుకోమని కోరుతున్నాను.

మీరు వైద్యులు కాబట్టి ఆధారాలు అడుగుతారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కన్నా రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగుల మీద మరో అధ్యయనం ప్రచురించింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు బహుభాషీయుల్లో 40.5 శాతం, ఏకభాషీయుల్లో 19.6 శాతం. ఇవి పరిశీలనలే. భాష నేర్చుకుంటే మతిమరుపు రాదని వీటిని పట్టుకుని ఎవరికీ హామీ ఇవ్వకండి. మన ఊళ్లోనే, మన రోగుల మీదే ఇంత పని జరిగిందని మాత్రం తెలుసుకోండి. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ మాట్లాడే కూరగాయలమ్మ దగ్గర ఉన్నది తక్కువ సంపద కాదు.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. మీలో చాలామంది సాయంత్రాలు జర్మన్ క్లాసులకు వెళ్తున్నారని విన్నాను. సంతోషం. ఆ దేశం మామూలు జర్మన్ వస్తే చాలదంటుంది. రోగితో జర్మన్‌లో మాట్లాడి, కేసు జర్మన్‌లో రాసి, తోటి డాక్టరుకు జర్మన్‌లో వివరించగలరో లేదో పరీక్ష పెట్టి చూస్తుంది. దానికి మీరు ఏడాది, రెండేళ్లు కష్టపడతారు, ఫీజులు కడతారు. అక్కడి ముసలావిడ నొప్పి ఆవిడ భాషలోనే వినాలని ఒప్పుకున్న మీరు, ఇంద్రవెల్లి ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి "ఎవరైనా తెలుగు వచ్చినవాళ్లని పిలవండి" అంటారెందుకమ్మా? ఆమె నొప్పి తక్కువ నొప్పా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. మనం చూపే ఈ తేడా నన్ను చాలాకాలంగా తొలుస్తున్న బాధ. కడుపులో పెట్టుకుని తిరగడం ఇక నావల్ల కాదు.

ఫోన్ ఉంది కదా మేడం అంటారు. ఉంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లో గోండీ కూడా ఉంది. మంచి పని, వాడండి. అర్ధరాత్రి అత్యవసరంలో అది ప్రాణం నిలబెట్టవచ్చు. కానీ రెండు సంగతులు గమనించండి. అందులోది ఛత్తీస్‌గఢ్ గోండీ. అదీ, మన ఆదిలాబాద్ గోండీ అచ్చంగా ఒకటి కావు. పైగా ఆడమనిషి తన గుట్టు చెప్పేముందు ఎదుటి డాక్టరు ముఖం చూస్తుంది. మీరు తడబడుతూ అయినా ఆమె మాటల్లో అడిగితే, ముందు నవ్వుతుంది, తర్వాత మిమ్మల్ని దిద్దుతుంది, ఆ తర్వాత చెబుతుంది. దిద్దేటప్పుడు ఆమె గురువు, మీరు శిష్యులు. అలా కాసేపు కూర్చున్న మనిషికి మీరు రాసిచ్చిన మందు మీద కూడా నమ్మకం కుదురుతుంది.

అఖిల భారత కోటాలో కేరళ నుంచి, రాజస్థాన్ నుంచి వచ్చి ఇక్కడ చదివిన పిల్లలు ఈ హాల్లో ఉన్నారు. మొదటి సంవత్సరం ఫౌండేషన్ కోర్సులో నాలుగు తెలుగు ముక్కలతో మొదలుపెట్టి, ఇవాళ మన పల్లె అవ్వలతో "తిన్నవా, మందులేసుకున్నవా" అని మాట్లాడుతున్నారు. శభాష్ నాయనా. ఇక్కడే పుట్టినవాళ్లు వీళ్లను చూడండి. పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడియా కూలీలున్నారు, హైదరాబాద్ కట్టడాల దగ్గర బెంగాలీ మేస్త్రీలున్నారు, పాతబస్తీలో దక్కనీ ఉంది. అడవికే వెళ్లాలని లేదు.

పోస్టింగ్ వచ్చిన మొదటి వారంలోనే ఆ ఊరి భాష తెలిసిన ఆయమ్మనో, ఆశా కార్యకర్తనో పట్టుకోండి. రోజుకు అరగంట అడగండి. ఆమె టైముకు విలువ కట్టి ఏదైనా ఇవ్వండి, ఊరికే చెప్పించుకోవద్దు. నా గోండీ నోట్‌బుక్ నకలు ఒకటి మీ గ్రంథాలయానికి ఇస్తున్నాను. అందులోది ఉట్నూరు, నార్నూరు వైపు గోండీ. ప్రతి పేజీకి ఎదురుపేజీ ఖాళీగా వదిలాను. భద్రాచలం వైపు వెళ్లేవాళ్లు అక్కడ కోయ మాటలు నింపి, ఆ పేజీలు తర్వాతి బ్యాచ్‌కు పంపించండి.