ఒక గీత తేడా

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో, తోరణగల్లు ఉక్కు కర్మాగారం దగ్గర ఉన్న ఊరు కురెకుప్ప. ఈ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి. 'కు' అయినా 'కూ' అయినా అవే రెండక్షరాలు: కే, యూ. ఎక్కడ దీర్ఘం పలకాలో, ఎక్కడ పలకకూడదో ఊరివాళ్లకు తెలుసు. కొత్తవాళ్లు 'కురేకూప్ప' అని చదివితే తప్పు వాళ్లది కాదు, రాతది.

మనకు దీర్ఘంతో వచ్చిన చిక్కే చైనీయులకు స్వరంతో వచ్చింది. వాళ్ల భాషలో 'మా' అన్న ధ్వనిని ఎత్తుగా, సమంగా పలికితే అమ్మ. గొంతు పైకి లేపితే నార మొక్క. దించి లేపితే గుర్రం. గబుక్కున దించితే తిట్టడం! అందుకే 1958లో ఆమోదించిన పిన్‌యిన్ అనే రోమన్ రాతలో అచ్చు నెత్తిన నాలుగు గుర్తులు పెట్టారు: అడ్డగీత, ఎక్కే గీత, లోయలాంటి గీత, దిగే గీత. గొంతు నడిచే దారే గీత ఆకారం.

ఈ ఉపాయం మనకూ పాతదే. వేదం అచ్చుపుస్తకాల్లో అనుదాత్తానికి అక్షరం కింద అడ్డగీత, స్వరితానికి పైన నిలువుగీత కనిపిస్తాయి. భారతీయ లిపులను రోమన్‌లోకి మార్చేందుకు 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ప్రమాణం కూడా దీర్ఘాచ్చు మీద అడ్డగీత పెట్టమంటుంది.

ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేటప్పుడు అంత ఓపిక ఎవరికి అంటారా? కనీసం 'ఏ' అక్షరాన్ని రెండుసార్లు నొక్కండి. లేకపోతే మీరు 'పాడు' అని అడిగితే, అవతలివాళ్లు 'పడు' అని చదువుకుంటారు.