పళ్ళ డాక్టరుగారి పాత మిషను

మొన్న కల్వకుర్తిలో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పాత సామాన్ల బండి ఆగివుంది. విరిగిన కుర్చీల మధ్య పొడుగాటి చేయి, చివర గుండ్రటి తలకాయ ఉన్న యంత్రమొకటి కనిపించింది. పళ్ళకు ఎక్స్‌రే తీసే మిషను! ఎవరో క్లినిక్కు మూసేసి తూకానికి అమ్మారట. మా ఆడబిడ్డ మనవడు అప్పటికే దానిమీద చేయి వేశాడు. "వదినా, పోరన్ని ఇటు గుంజు! అందులకెల్లి కిరణాలొస్తయంట!" అని ఆమె ఒకటే గాబరా.

నేను చాలాకాలం ఎక్స్‌రే గదిలో పనిచేసినదాన్ని. ఆమె భయంలో సగమే నిజమండీ. ఎక్స్‌రే కరెంటుతో పుడుతుంది. మీట ఆపితే బల్బు ఆరినట్టే, కిరణాలూ ఆగిపోతాయి. ముట్టుకున్న చేతికి ఏమీ అంటదు. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది వేరు. అక్కడి విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత యంత్రంలో కోబాల్టు ఉండిపోయింది. దానికి మీటతో పనిలేదు, రాత్రింబవళ్ళు కిరణాలు వస్తూనే ఉంటాయి. తుక్కు దుకాణంలో దాన్ని విప్పినవాళ్ళు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు.

మరి మన బండిలోని మిషనుతో ఏ బాధా లేదా? ఉంది. ఆ తలకాయలో సీసం ఉంటుంది, నూనె ఉంటుంది, గాలి తీసేసిన గాజు గొట్టం ఉంటుంది. సుత్తితో కొడితే గాజు పేలి కళ్ళలో పడవచ్చు. సీసం కరిగిస్తే ఆ పొగ పసిపిల్లలకు మరీ చెడ్డది. ఇంతకన్నా నాకు భయం, ఎవరైనా చవకగా కొని, పరీక్ష చేయించకుండా మళ్ళీ గోడకు బిగిస్తారేమోనని. అందుకే ఇలాంటి మిషన్లు ముంబయిలోని అణుశక్తి నియంత్రణ బోర్డు లెక్కలో ఉండాలి. తీసేసేటప్పుడు బోర్డుకు తెలిపి, మళ్ళీ పనిచేయకుండా చేయాలి.

ఈమధ్య కెమెరాలా చేత్తో పట్టుకొనే మిషన్లు కూడా వచ్చాయి. వాటికి బ్యాటరీ ఉంటుంది గనుక పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇక క్లినిక్కుకు వెళ్ళినప్పుడు సంగతి. ఒక చిన్న పళ్ళ ఎక్స్‌రేలో తగిలే కిరణాలు, ఒకటి రెండు రోజుల్లో నేల నుంచీ ఆకాశం నుంచీ మనకు ఎలాగూ తగిలేవాటి పాటివే. అవసరమైతే భయపడి మానుకోకండి. కడుపుతో ఉంటే మాత్రం ముందే చెప్పండి. నర్సమ్మ వేలితో ఫిల్ము పట్టుకోబోతే వద్దనండి, అందుకు చిన్న హోల్డరు ఉంటుంది. పాత ఎక్స్‌రేలు దాచి తీసుకెళ్తే రెండోసారి తీసే పని తప్పవచ్చు. మన పాలమూరు, నల్లగొండ వైపు ఫ్లోరైడు నీళ్ళకు పళ్ళమీద పడే గోధుమరంగు మచ్చలు కంటికే కనిపిస్తాయి. వాటిని చూడటానికి ఎక్స్‌రే ఎందుకు?

ఫిల్ము వాడే చోట ప్రతి పొట్లంలోనూ పలుచని సీసం రేకు ఉంటుంది. మెరుస్తుంది కదా అని పిల్లలు ఏరుకుంటారు, చూసుకోండి. ఫిల్ము కడిగిన నీళ్ళలో వెండి ఉంటుంది. వాటిని మోరీలో పోయకూడదని 2016 నాటి ఆస్పత్రి వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

బండివాడు మంచివాడే. నా మాట విని ఆ డాక్టరుకు ఫోను చేశాడు. సాయంత్రానికి ఆయన మనిషి వచ్చి, డబ్బు తిరిగి ఇచ్చి మిషను తీసుకెళ్ళాడు. పిల్లవాడి చేతులు మాత్రం సబ్బుతో రెండుసార్లు కడిగించాం. కిరణాలకు కాదండీ, ఆ బండిమీది మురికికి!