పిల్ల బడికి రాకుంటే అడగాల్సింది ఎవరు?

(మండల మహిళా సమాఖ్య మహాజన సభలో విద్య ఉప కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొద్దటి నుండి పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు చెప్పుకున్నాం. ఎవరు కిస్తీ కట్టారో, ఎవరు తప్పారో పేరుపేరునా మనకు తెలుసు. మరి ఈ నెల మన ఊర్లో బడికి పోని పిల్లలు ఎంతమంది అని లేపి అడిగితే చెప్పగలమా? మేము తిరిగిన ఊర్లలో మొదట ఎవరూ చెప్పలేకపోయారు. మా సొంత ఊర్ల సంగతి అడిగితే మేమూ చెప్పలేకపోయాం.

మన వరంగల్ పల్లెల్లో పిల్లలు ఒక్కరోజుతోటి బడి మానరు. వానకాలమంతా బాగానే పోతారు. దసరా అయినంక పత్తి ఏరుడు వస్తుంది, సంక్రాంతి దాటినంక మిరపకాయ. ఏనుమాముల మార్కెట్ మిర్చి బస్తాలతో నిండే రోజుల్లోనే బడిలో హాజరు పడిపోతుంది. ముందు ఒక్కరోజు, తర్వాత రెండు రోజులు, ఆనక వారం. పరీక్షల నాటికి "పాఠాలన్నీ పోయినయ్, నేను పోను" అని పిల్లే అంటుంది. అప్పుడు మనం "దానికి చదువు మీద మనసు లేదు" అంటాం. తల్లి కైకిలికి పోతే చంటిపిల్లను ఎత్తుకొని ఇంటికాడ ఉండేది పెద్దబిడ్డనే. ఆమె చేసేది ఎవరి లెక్కలోనూ పనిగా రాయరు.

ఇక సర్కారు సంగతి. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుండి అమల్లో ఉంది. 6 నుండి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. "నిర్బంధం" అనే మాట చూసి పిల్లను పంపకుంటే మనల్ని పట్టుకుపోతారని చాలామంది అక్కలు భయపడ్డారు. చట్టం చెప్పింది వేరు. పంపే బాధ్యత తల్లిదండ్రులకు ఉంది కానీ, పంపకపోతే శిక్ష అని అందులో రాయలేదు. ఆ నిర్బంధం సర్కారు మీద పెట్టింది. పిల్ల చేరిందా, రోజూ వస్తుందా, ఎనిమిదో తరగతి పూర్తి చేసిందా అని చూసుకోవడం సర్కారు పని. తొమ్మిదో సెక్షన్ ప్రకారం పంచాయతీ, మున్సిపాలిటీ వంటి స్థానిక సంస్థలు తమ పరిధిలోని 14 ఏళ్ల లోపు పిల్లలందరి రికార్డు పెట్టాలి, హాజరు చూడాలి, వలస వచ్చిన కుటుంబాల పిల్లలను కూడా చేర్పించాలి. మన దగ్గరి ఇటుక బట్టీల కాడికి ఒడిశా నుండి వచ్చే పిల్లలు కూడా ఇందులోకే వస్తారు. ఆ రిజిస్టర్ మీ పంచాయతీలో ఉందా అని అడిగి చూడండి. మేము అడిగిన చోట బీరువా తాళం చెవి దొరకడానికే ఒక పూట పట్టింది.

ఒక సంగతి చెప్పాలి. మా సంఘం సభ్యురాలి కుటుంబం హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయి రెండేళ్లకు తిరిగొచ్చింది. ఏడో తరగతి చదవాల్సిన బిడ్డను తీసుకొని బడికి పోతే, టీసీ లేదని తిప్పి పంపారు. ఆ తల్లి టీసీ కోసం హైదరాబాదుకు రెండుసార్లు పోయింది. రెండు రోజుల కూలి, చార్జీలు పోయినయ్, కాయితం దొరకలేదు. మాకు తెలిసేసరికి మూడు వారాలు దాటింది. టీసీ లేదని, వయసు ధ్రువపత్రం లేదని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఆ పేజీ జిరాక్స్ తీసుకొని అయిదుగురం పోయాం. ఎంఈవో గారికి ఫోన్ చేస్తే అదే పూట చేర్చుకున్నారు. సంతోషమే. కానీ అయిదుగురు పోకుంటే? ఆ తల్లి ఒక్కతే పోయినప్పుడు కూడా చట్టం అదే కదా.

సర్కారు చేసినవీ మరువకూడదు. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చినంక, 2003 జనవరి నుండి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో బడుల్లో వండిన అన్నం పెట్టడం మొదలైంది. ఆ వంట డ్వాక్రా సంఘాల చేతికే వచ్చింది. మధ్యాహ్నం ఒక పూట కడుపునిండా దొరుకుతుందంటే కైకిలికి పోయే తల్లికి ఎంత ధైర్యమో వేరే చెప్పాలా? అయితే బిల్లు నెలల తరబడి రాక, కిరాణా కొట్టుకాడ మొహం చాటేసుకొని వంట చేసే అక్కలు మన మధ్యనే కూర్చున్నారు. హాజరు గురించి మాట్లాడేవాళ్లు ఆ బిల్లు గురించి కూడా మాట్లాడాలి.

బస్సు సంగతి అంతే. 2023 డిసెంబర్ నుండి ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది. కానీ హైస్కూలు పక్క ఊర్లో ఉండి, బస్సు బడి గంట కొట్టినంక వస్తే ఉచితం ఏం చేసుకోను? ఒక ఊరి అక్కలు డిపోకు పోయి దరఖాస్తు ఇచ్చి పొద్దటి బస్సు ముందుకు జరిపించుకున్నారు. సాయంత్రం బస్సు ఇంకా కాలేదు. చీకటి పడితే ఆడపిల్లను ఎందుకు పంపాలె అనే మాట అక్కడే పుడుతుంది, తొమ్మిదో తరగతిలోనే పెళ్లి మాట కూడా.

కిందటి సారి ఒక గ్రామ సంఘంలో, పిల్లను బడి మాన్పించిన సభ్యురాలికి అప్పు ఆపాలని తీర్మానం పెట్టబోయారు. మేము వద్దన్నాం. అప్పు ఆగితే ఆ ఇంట్ల ముందు కైకిలికి పోయేది ఆ పిల్లనే. కొందరు అక్కలకు మా మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మిర్చి కాలంలో చంటిపిల్లలను అంగన్‌వాడీలో పొద్దుగూకేదాకా ఉంచమని అడుగుదాం, పెద్దబిడ్డ విడుదలవుతుంది అన్నాం. ఆ అర్జీ ఇంకా పైన తిరుగుతుంది.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ సంఘం అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు, హెడ్‌మాస్టర్ కన్వీనర్. మరుగుదొడ్లు, తాగునీళ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు మన చేతుల మీదుగా జరిగాయి. మరుగుదొడ్డి బాగుపడ్డ బడికి ఎదిగిన ఆడపిల్లలు రావడం మేము కళ్లారా చూశాం. కానీ తాళం వేసి సార్ల కోసమే ఉంచిన మరుగుదొడ్డి కూడా చూశాం. సంతకం పెట్టే అక్క ఆ తలుపు తీయించి చూసినంకనే పెట్టాలి. విద్యా హక్కు చట్టం కింద ఉండే బడి యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీటింగు అయిందని ఇంటికి పుస్తకం పంపి సంతకం పెట్టించుకుంటే పెట్టకండి.

ఈ ఏడాదికి ఉప కమిటీ అడిగేది ఇది. ప్రతి గ్రామ సంఘం తీర్మానాల పుస్తకంలో చివరి పేజీ బడికి వదలాలి. నెల మీటింగులో కిస్తీల లెక్క అయినంక, వరుసగా వారం రోజులు రాని పిల్లల పేర్లు అందులో రాయాలి, ఎందుకు రాలేదో కూడా రాయాలి. పనికి పెట్టుకున్నారని, పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కు ఫోన్ చేయాలి. మిగతా పేర్లు నకలు తీసి పంచాయతీ కార్యదర్శికి, ఎంఈవో గారికి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. మొదటి పేజీ పత్తి ఏరుడు మొదలుకాకముందే, దసరా లోపల నిండాలి. నకళ్లు సీసీల చేత సమాఖ్య ఆఫీసుకు పంపండి.