ఊరుమ్మడి భూమి – ఊరి బాధ్యత
(ఎడ్లపాడు రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పొలము గట్టు ఎక్కడున్నదో మనలో ప్రతి ఒక్కరికి తెలియును. కాని ఊరందరికి చెందిన భూమి ఎంత యున్నదని అడిగిన వెంటనే చెప్పగలవారు తక్కువ. చెరువు, వాగు, డొంక, మేత పోరంబోకు – ఇవన్నియు ఆ లెక్కలోనివే. వీటిని మన పెద్దలు ఎట్లు చూచుకొనిరో, ఇప్పుడు మనమేమి చేయవలెనో మనవి చేసెదను.

పూర్వము గుంటూరు సీమలో 'వీసబడి' అను పద్ధతి యుండెడిది. వీసమనగా పదునారవ వంతు. శిస్తు ఊరి మొత్తముమీద నిర్ణయమైన పిమ్మట, ఎవరెంత భరించవలెనో గ్రామస్థులే తమలో తాము వంతులు వేసికొనెడివారు. 19వ శతాబ్దమున రైత్వారీ వచ్చి, ప్రతి రైతుకు సర్కారుతో విడిగా లెక్క ఏర్పడినది. పట్టాకు భద్రత కలిగినది. కాని ఉమ్మడి భూమి 'సర్కారుది' అను భావము బలపడి, 'మనది' అను భావము సడలినది.

చెరువు పనియు అంతే. కుడిమరామతు పేర ఆయకట్టుదారులు ఏటేట పూడిక తీసి, కట్ట గండ్లు పూడ్చెడివారు. మడులకు నీరు వంతు ప్రకారము వదలుటకు నీరుగంటి యుండెడివాడు. ఈ ఆచారము సన్నగిల్లుచుండగా, 1858లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి దానిని నిర్బంధము గావించెను. చట్టము వచ్చినను పాత కట్టుబాటు తిరిగి రాలేదు.

అయితే నాటి పద్ధతి లోపము లేనిదని నేననను. వంతులలో మాట భూమి గలవారిదే. భూమిలేని కూలీకి, గొర్రెల కాపరికి మాట లేదు. మేత భూమి అవసరము వారికే ఎక్కువ. మేత హక్కు ఎంత ముఖ్యమో పల్నాటి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. పుల్లరి నెదిరించిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రాణమిచ్చెను.

నష్టము ఎట్లు వచ్చునో చూడుడు. కొండవీటి కొండల వాన నీరు వాగులగుండా దిగువకు పారవలెను. వాగు ఒడ్డును ఒకరు నాలుగు సాళ్లు కలుపుకొనిన, మరుసటి ఏడు పొరుగువారు మరి నాలుగు కలుపుకొందురు. వాగు ఇరుకై, నీరు నల్లరేగడి చేలలో నిలుచును. పత్తి, మిరప వేళ్లకు గాలి అందక మొక్కలు వడలును. ఆక్రమించినది కొందరు, నష్టము అందరిది.

కావున ఈ పనులు చేయుడు:

1. గ్రామ సర్వే పటము, అడంగలు చూచి ఉమ్మడి భూముల పట్టిక వ్రాయించి, గ్రామసభలో చదివించుడు. హద్దురాళ్లు నాటించుడు. ఇట్టి ఆక్రమణలు తొలగించవలెనని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములను ఆదేశించినది.

2. మేత భూమిని నాలుగు భాగములు చేసి, ఏటా ఒక భాగమును వానకాలమంతయు మేపక విడువుడు. గడ్డి విత్తనము రాలి, మేత తిరిగి పెరుగును. సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించి, తొలకరికి అంజన్ గడ్డి, స్టైలో చల్లుడు.

3. చెరువు పూడిక మన్ను ఎర్రనేలలకు, ఇసుక నేలలకు తోలుడు. నల్లరేగడికి దాని అవసరము తక్కువ.

4. ఏ భాగము ఎప్పుడు మూయవలెనో నిర్ణయించునపుడు కాపరులను, కూలీలను కూడ కూర్చుండబెట్టుడు. వారు ఒప్పుకొనని కట్టుబాటు ఒక కారు కూడ నిలువదు.

రాబోవు గ్రామసభలో మొదటి పనియైన పట్టికను చేపట్టుడు. ఎంత యున్నదో తెలిసిననే గదా కాపాడుకొనగలము.