బాంబరు విమానమెక్కిన తాతగారి జాడ



గద్వాల, వనపర్తి సంస్థానములును, నాగర్‌కర్నూలు ప్రాంతమును నిజాం ఏలుబడిలో నుండిన కాలమున, 1918లో ఆ ప్రభువు విమానములు కొనియిచ్చిన కారణముచేత, బ్రిటిష్ వైమానికదళపు 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు వచ్చినది. 1939 సెప్టెంబరు 4న జర్మన్ యుద్ధనౌకలపై బాంబులు వేసిన దళములలో అదియు నొకటి. పేరు మనది; ఎగిరినవారు మాత్రము ప్రధానముగా ఆంగ్లేయులు. కావున తాతగారు బాంబరు విమానమెక్కినారని ఇంట చెప్పుకొన్నచో, ముందుగా భారత వైమానికదళపు 7, 8 స్క్వాడ్రన్ల వైపు చూడవలెను. బర్మా రంగమున వెంజియన్సు విమానములను నడిపిన మన దళములవి. ఆ విమానమున ముందు పైలట్టు, వెనుక తుపాకితో గన్నరు, ఇద్దరే.

వెదకుట ఎక్కడ మొదలు? ఇంటి పెట్టెలో. పట్టా కాగితముల అడుగున లాగ్‌బుక్ దొరకిన అదృష్టమే. తేదీ, విమానము, పైలట్టు పేరు, చేసిన పని, ఎగిరిన గంటలు అందు వరుసగా నుండును. పగటి ప్రయాణము నల్లసిరాతోను, రాత్రి ప్రయాణము ఎఱ్ఱసిరాతోను వ్రాయుట ఆనాటి ఆచారము. అది లేకున్న పతకపు అంచు చూడుడు; పేరు, సర్వీసు నంబరు చెక్కియుండవచ్చును. ఆ నంబరే ముఖ్యము. మరల చెప్పుచున్నాను: పేరు కాదు, నంబరు. ఒకే పేరు గలవారు పెక్కురు. పైగా మన ఇంటిపేర్లను ఆనాటి గుమాస్తా ఆంగ్లమున నెట్లు వ్రాసెనో ఆ దేవునికే ఎఱుక!

బ్రిటిష్ స్క్వాడ్రన్ల దినచర్య గ్రంథములు లండనులోని నేషనల్ ఆర్కైవ్స్‌లో కలవు. ఏ దినమున ఎవరు ఎవరితో ఎగిరిరో అందు కానవచ్చును. భారత దళముల సంగతికి ఢిల్లీలోని రక్షణశాఖ చరిత్ర విభాగమునకు, నంబరు చేతబట్టుకొని, జాబు వ్రాయుడు.