తొంభై శాతంతో నా తగవు



మా మాస్టారి పేరిట పెట్టిన ఈ ఉపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు ట్రస్టువారికి ముందే చెప్పాను, ఆయనను పొగడడం నాకు చేతకాదని. పొగిడించుకోవడం ఆయనకూ చేతకాదు. ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీద ఇంకా పెద్దగా ఉంది, నేను మళ్ళీ తలవను. సైకాలజీ శాఖకు ప్రయోగశాల తెచ్చిపెట్టారు. స్టాటిస్టిక్స్ చెప్పడంలో ఆయనకు సాటి లేరు. పదవీ విరమణ రోజున కూడా ఇన్విజిలేషన్ చేశారు. ఇవి అందరికీ తెలుసు. తెలియనిదేమంటే ఆయనకు చల్లారిన టీ ఇష్టం. పొద్దున తెచ్చిన గ్లాసు పక్కన పెట్టుకుని, మీగడ కట్టాక, మధ్యాహ్నం తాగేవారు. అలాంటి మనిషి మీద కోపం నిలుపుకోవడం కష్టం. కోపం తెప్పించే మాటలు మాత్రం ఆయన తక్కువేం అనలేదు. 1998లో, వరంగల్ జిల్లా పత్తి రైతుల చావుల వార్తలు పేపరు నిండా వస్తున్న రోజుల్లో, దానిమీద పరిశోధన చేస్తానని వెళ్తే తలెత్తకుండానే, "ఏమమ్మా, ఎకనామిక్స్ వాళ్ళ బిల్డింగు అవతల కదా?" అన్నారు. ఆ తగవు ఆయనున్నంత కాలం సాగింది. పోయినవాళ్ళతో వాదులాడడం మర్యాద కాదంటారు. ఆయన ఎండోమెంటు ఖర్చుతోనే ఆయనతో వాదించే అవకాశం మాత్రం మళ్ళీ రాదు.

ఆ తగవులో నా వైపు నిలిచేది కమ్యూనిటీ సైకాలజీ, మనసును చుట్టూ ఉన్న బతుకుతో కలిపి చూసే శాఖ. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమంటే గంటసేపు చెప్పవచ్చు. చెప్పను. 1965లో అమెరికాలో జరిగిన స్వాంప్‌స్కాట్ సమావేశం, ఇటలీలో బసాలియా పిచ్చాసుపత్రుల తలుపులు తెరిపించడం, 1978లో అక్కడ వచ్చిన చట్టం, ఎల్ సాల్వడార్‌లో బీదవాళ్ళ వైపు నిలబడి సైకాలజీ రాసిన మార్టిన్-బారోను 1989 నవంబరులో సైనికులు కాల్చి చంపడం, ఇవన్నీ ఎం.ఏ. సిలబస్‌లో ఉన్నాయి. మన దగ్గర 1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, దాని తర్వాత జిల్లా స్థాయిలో వచ్చిన బళ్ళారి నమూనా, 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోవడం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఇవి గైడుల్లో కూడా దొరుకుతాయి. 'కమ్యూనిటీ' అని పేరు పెట్టుకున్న కార్యక్రమం ఊళ్ళోకి చేరేసరికి మాత్రల పంపిణీగా ఎలా మిగిలిపోయిందో సుమీత్ జైన్, సుశ్రుత్ జాదవ్ ఉత్తరప్రదేశ్‌లో తిరిగి చూసి 2009లో ఒక వ్యాసం రాశారు. అదొక్కటి మాత్రం గైడును నమ్ముకోకుండా మీరే చదవండి.

నేను ఆగదలచింది ఒక్క అంకె దగ్గర. "ఆత్మహత్య చేసుకున్నవారిలో నూటికి తొంభై మందికి మానసిక రోగం ఉంటుంది." ఏటా సెప్టెంబరు 10న ఆత్మహత్యల నివారణ దినం సభల్లో ఈ వాక్యం వినపడకుండా ఉండదు. మాస్టారికి ఇది ప్రాణం. నల్లబల్ల మీద 90 అని రాసి చుట్టూ సున్నా చుట్టేవారు. ఇంతకీ ఈ అంకె ఎక్కడిది?

1974లో బ్రయన్ బారక్లౌ బృందం ఇంగ్లండులో వంద ఆత్మహత్యలను పరిశీలించి, 93 మందికి మానసిక రోగం ఉండిందని తేల్చింది. ఆ తర్వాత అలాంటి అధ్యయనాలు పాశ్చాత్య దేశాల్లో చాలా వచ్చాయి. 2003లో కావనా బృందం వాటన్నిటినీ కలిపి చూస్తే మధ్యస్థం తొంభై దగ్గర తేలింది. వీటన్నిటి పద్ధతీ ఒకటే, సైకలాజికల్ ఆటాప్సీ. మనిషి పోయాక భార్యనో తండ్రినో కూర్చోబెట్టి, అతను నిద్రపోయేవాడా, ముభావంగా ఉండేవాడా, తాగేవాడా అని అడిగి, ఆ జవాబుల నుంచి రోగం పేరు నిర్ణయించడం. రోగిని చూడరు. చూడడానికి రోగి లేడు.

ఇప్పుడు మన వైపు అంకెలు చూద్దాం. 1999లో లక్ష్మీ విజయకుమార్, రాజ్‌కుమార్ చెన్నైలో చేసిన అధ్యయనంలో 88 శాతం. మాస్టారు దీన్ని జెండాలా ఎగరేశారు. 2002లో చైనాలో ఫిలిప్స్ బృందం 519 ఆత్మహత్యలను చూస్తే 63 శాతం. 2010లో వేలూరు దగ్గరి పల్లెల్లో మనోరంజితం బృందం వంద ఆత్మహత్యలను, పోల్చడానికి మరో వంద మంది బతికున్నవాళ్ళను తీసుకుని పరిశీలిస్తే 37 శాతం. పల్లెల్లో ముప్పు పెంచినవాటిలో వాళ్ళకు కనిపించినవి ఎడతెగని కష్టాలు, తగ్గని శరీర బాధ. చెన్నై, వేలూరు ఉన్నది ఒకే రాష్ట్రంలో. రెండు అధ్యయనాల మధ్య గడిచింది పదకొండేళ్ళు. 88 ఎక్కడ, 37 ఎక్కడ?

మాస్టారు దీనికి మూడు జవాబులు చెప్పేవారు. ఒకటి, నగరం వేరు, పల్లె వేరు. ఒప్పుకుంటాను. అలాగైతే నగరం అంకెను పత్తిచేనుకు మోసుకురావద్దు కదా? రెండు, పల్లెవాళ్ళకు డిప్రెషన్ లక్షణాలు గుర్తించడం తెలియదు, అందుకే అంకె తగ్గింది. ఇది బలమైన మాటే. కానీ ఆ తక్కెడకు రెండో పళ్ళెం కూడా ఉంది. పోయినవాడి గురించి అడిగితే ఇంట్లోవాళ్ళు ఏదో ఒక కారణం వెతుక్కుంటారు, నెల రోజులుగా మౌనంగా ఉన్నాడన్నది చావు తర్వాతే లక్షణంగా మారుతుంది. యెల్మెలాండ్ బృందం 2012లో సరిగ్గా ఇదే అడిగింది. బంధువుల జ్ఞాపకం నుంచి, లేని మనిషికి రోగనిర్ధారణ చేయడం అసలు సాధ్యమేనా, అడిగే ప్రశ్నల్లో చాలావాటికి పక్కమనిషి జవాబు చెప్పగలడా అని. మాస్టారు ఆ వ్యాసం చదివారు. అంచులో పెన్సిలుతో "అయితే?" అని రాసి తిరిగి ఇచ్చారు. ఆ ప్రతి నా దగ్గరే ఉంది. మూడో జవాబు, శాతం ఎంతైనా చికిత్స అందితే కొందరైనా బతుకుతారు. దీనితో నాకు పేచీ లేదు. మందు కావలసినవాళ్ళను డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, ఇప్పటికీ తీసుకెళ్తాను. నా పేచీ ఆ అంకెకు మనం ఇచ్చిన ఉద్యోగంతో. సైకాలజిస్టు కౌన్సెలింగు గదిలోనే కూర్చోవచ్చు, బయటి సంగతులు ఎకనామిక్స్ బిల్డింగు చూసుకుంటుంది అని చెప్పడానికే అది పనికొస్తోంది.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. మన దగ్గర సైకలాజికల్ ఆటాప్సీ చేసేది పరిశోధకులు మాత్రమే కాదు, ప్రభుత్వం కూడా. 2004 జూన్ 1 నాటి జీవో 421 ఉమ్మడి రాష్ట్రంలో రైతు ఆత్మహత్యకు లక్షన్నర సాయం ప్రకటించింది. తెలంగాణ వచ్చాక 2015లో జీవో 173 దాన్ని ఆరు లక్షలు చేసింది. ఆ సాయం రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసిన త్రిసభ్య కమిటీ విచారణ జరిపి, ఇది వ్యవసాయ కారణాలతో జరిగిన ఆత్మహత్యేనని తేల్చాలి. అంటే పోయిన మనిషి మనసులో ఏముందో ముగ్గురు అధికారులు నిర్ణయిస్తారు. బారక్లౌ కన్నా తక్కువ శిక్షణతో, అతనికన్నా చాలా ఎక్కువ అధికారంతో.

అలాంటి విచారణలో ఒక డివిజన్ ఆఫీసులో నేను పోయిన రైతు భార్య పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్ళో బట్టల దుకాణం ప్లాస్టిక్ కవరు. అందులో ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం రిపోర్టు, ప్రామిసరీ నోటు జిరాక్సు, ఎరువుల దుకాణం చిట్టీలు, రేషన్ కార్డు. కౌలు భూమి గనక పట్టాదారు పాసుబుక్కు లేదు. అధికారి అడిగారు.

"మీ ఆయన తాగుతుండెనా?"

"పండుగకో పబ్బానికో తాగుతుండె సార్."

"ఇంట్ల పంచాయితీలేమన్న ఉండెనా?"

"అప్పులోళ్ళు ఇంటిమీదికొస్తె పంచాయితీ గాదా సార్?"

గుమాస్తా రాసిన కాగితం బల్లకు ఇవతల కూర్చుని తలకిందులుగా చదివాను. 'మృతునికి మద్యపానం అలవాటు కలదు. కుటుంబ కలహములు కలవు.' ఆమె చెప్పిన రెండో జవాబులో అప్పులవాళ్ళున్నారు. కాగితంలో లేరు. వాళ్ళను కొట్టేసింది దురుద్దేశంతో అని నేననను. ఆ ఫారం అడిగేదే అలా అడుగుతుంది, మిగిలింది గుమాస్తా చేతి అలవాటు. కానీ 'మద్యపానం, కలహాలు' అన్న ఆ రెండు ముక్కలనూ మన పరిశోధనా పత్రం పట్టికలో పెట్టి చూడండి. ఒకటి 'వ్యసన రుగ్మత' గడిలో పడుతుంది, రెండోది 'కుటుంబ ఒత్తిడి' గడిలో. తొంభైలో ఇంకొకరు చేరారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 2018 ఆగస్టు నుంచి తెలంగాణలో రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా కుటుంబానికి ఐదు లక్షలు. మంచి పథకం, ఎందుకు పోయాడని అడగదు. కానీ అది పట్టా ఉన్నవాళ్ళకే. అదే 2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ కలిసి తెలంగాణలో 692 ఆత్మహత్య కుటుంబాలను చూస్తే, నూటికి 75 మంది కౌలు రైతులు. కాబట్టి భూమి కాగితం ఉన్నవాడి మనసును ఎవరూ తవ్వరు. అది లేనివాడి తాగుడు, కోపం, నిద్ర, భార్యతో మాటామాటా అన్నీ విచారణకొస్తాయి. మనసు ఉండడం కూడా కౌలుదారుకే పడిన శిక్ష. దీనికి సిద్ధాంతం కావాలంటే మార్టిన్-బారో దగ్గర దొరుకుతుంది, కానీ ఆర్డీవో ఆఫీసు బెంచీ మీద ఇంకా త్వరగా దొరుకుతుంది.

ఎదుటి వైపువాళ్ళను కూడా వదలను. "ఇది పూర్తిగా అప్పుల సమస్య, సైకాలజీకి ఇక్కడ పనిలేదు" అనే మిత్రులు చాలామంది ఈ సభలో ఉన్నారు. కెనెడీ, కింగ్ 2014లో రాష్ట్రాలవారీగా లెక్కవేసి, నగదు పంటలు, హెక్టారు లోపు కమతాలు, అప్పు అన్న మూడింటితోనే రాష్ట్రాల మధ్య తేడాలో ముప్పాతిక వంతు వివరించవచ్చన్నారు. గొప్ప అధ్యయనమే. కానీ అది రాష్ట్రాల సంగతి. అంతే అప్పున్న పక్కింటాయన ఎందుకు బతికున్నాడో అది చెప్పదు. అతను బతికుండడానికి ఎవరు ఏం చేశారన్నది సైకాలజీ ప్రశ్నే.

రోగం, అప్పు రెండూ కాని మూడో దారికి శ్రీలంక చూడండి. 1995లో అక్కడ లక్ష జనాభాకు 47 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది అతి విషపూరితమైన పురుగుమందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించారు. పదేళ్ళలో ఆత్మహత్యలు సగానికి పడ్డాయి. గన్నెల్, ఎడిల్‌స్టన్ ప్రభృతులు 2007లో లెక్క చూపించారు. నిషేధం తర్వాతి దశాబ్దంలో, అంతకుముందు పదేళ్ళతో పోలిస్తే, దాదాపు 20 వేల చావులు తక్కువ. యుద్ధం, నిరుద్యోగం, తాగుడు ఏవీ ఈ తగ్గుదలను వివరించలేకపోయాయి. ఎవరికీ రోగం కుదరలేదు, ఎవరి అప్పూ తీరలేదు, అందుబాటులో ఉన్న విషం మారిందంతే. కేరళ కూడా 2011లో కొన్ని అతి ప్రమాదకర మందుల్ని నిషేధించింది. ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 88 శాతం చెప్పిన లక్ష్మీ విజయకుమారే తర్వాత తమిళనాడు పల్లెల్లో పురుగుమందులను ఊరుమ్మడి లాకర్లలో పెట్టించి చూశారు. అంకె ఏం చెప్పినా ఆమె కాళ్ళు ఊళ్ళోకే నడిచాయి. మాస్టారికి ఈ సంగతి చెప్పినప్పుడు టాపిక్ మార్చారు.

ఇప్పుడు నేను చేస్తున్న పనికి వస్తాను. నిజానికి ట్రస్టువారు పిలిచింది అందుకు కాకపోయినా, నేనొచ్చింది అందుకే. త్రిసభ్య కమిటీలు సాయం నిరాకరిస్తూ ఇచ్చిన కాగితాలను సమాచార హక్కు చట్టం కింద అడిగి తెప్పించుకుంటున్నాను. కొన్ని వస్తున్నాయి, కొన్నిటికి అప్పీలు. ఒక్కొక్కదాన్ని పట్టుకుని ఆ కుటుంబం దగ్గరికి వెళ్ళి, ఆ రోజు ఏమడిగారు, మీరేం చెప్పారు అని మళ్ళీ వింటాం. కాగితం ఒక పక్క, వాళ్ళ మాట ఒక పక్క అచ్చువేసి పుస్తకం తేవాలని. వ్యాఖ్యానం తక్కువ ఉంటుంది. 'అనారోగ్యము వలన' అని రాసినచోట ఆ అనారోగ్యానికి మందుల అప్పు ఎంతో కూడా పక్కన ఉంటుంది. ఆడవాళ్ళ చావుల కాగితాలు వేరే దొంతరగా పెడుతున్నాను. పొలంలో బతుకంతా పనిచేసినా ఆమె పేరు పక్కన వృత్తి 'గృహిణి' అని ఉంటుంది, కాబట్టి చాలాసార్లు విచారణ దాకా రానే రాదు.

రెండో పని, కొత్త విచారణ జరిగేటప్పుడు ఇంటివాళ్ళతో ఒకరు తోడు వెళ్ళడం. వెళ్ళినవాళ్ళు అధికారితో గొడవపడరు. ప్రశ్నలూ జవాబులూ ఉన్నవున్నట్టు రాసుకుని, కమిటీ రాసింది చదివి వినిపించమని అడుగుతారు. చదివించగానే సగం వాక్యాలు అక్కడికక్కడే మారతాయి. తర్వాత ఆ ఇంటికి వెళ్తూ ఉంటారు, ఎందుకంటే పోయినవాడి భార్యకు నిద్ర పట్టదు, పెద్దపిల్ల బడి మానేసి ఉంటుంది, అప్పులవాళ్ళు ఇప్పుడు ఆమె దగ్గరికే వస్తుంటారు. కౌన్సెలింగు అక్కడ కావాలి, అక్కడ మనవాళ్ళు ఉండరు.

అధ్యక్షులు వేదిక మీదే ఉన్నారు గనక అడుగుతున్నాను. ఎం.ఏ. రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో ఆస్పత్రి పోస్టింగుకు మార్కులున్నాయి, ఇలా తోడు వెళ్ళే పనికి లేవు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక్క తీర్మానం చాలు. ముసాయిదా తెచ్చాను, సభ అయ్యాక ఇస్తాను.

విద్యార్థులకు చెప్పేది తక్కువ. ఈ పనికి రెండో ఏడువాళ్ళు చాలు, మొదటి ఏడువాళ్ళు ముందు స్టాటిస్టిక్స్ పేపరు గట్టెక్కండి. రెవెన్యూ ఆఫీసు చేతిరాత చదవగలిగినవాళ్ళు మొదట కావాలి. అది రానివాళ్ళకు నేర్పుతాను. తొంభై శాతం మీద నాతో పోట్లాడదలచినవాళ్ళూ రావచ్చు, బస్సులో చాలా సమయం ఉంటుంది. పేర్లు బయట టీ బల్ల దగ్గర రాయించండి. మొదటి పని నర్సంపేట వైపు, వచ్చే శనివారం.