మన యవధానమెవరి సొత్తు?

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు మేము చేసిన ఉపన్యాసము)



నేటి సాయంకాలము మేమీ పఠనమందిరమున నడుగిడునప్పటికి పొడుగుబల్లమీద నాటి పత్రికలు మడత విప్పకయే పడియుండెను. బల్లచుట్టు ఏడుగురు కూర్చుండిరి. ఏడుగురును తలలు వంచుకొనియే యుండిరి గాని, ఒక్కరి తలయు పత్రికపై వంగియుండలేదు. అందరి చేతులలోను ఫోనులే. వారిని ఆక్షేపించుటకు మేమీ మాట చెప్పుటలేదు. వాకిట చెప్పులు విడుచునపుడు మా చేతిలోను ఫోనే యుండెను. ఆ ఏడుగురికి తోడు ఎనిమిదవవారము మేమే. కావున మా ప్రసంగమును గురుపీఠమునుండి వెలువడు నుపదేశముగ నెంచక, ఒకే వ్యాధిచే బాధపడుచున్న తోడివాని మాటగా స్వీకరింప ప్రార్థన.

మా స్వానుభవమునే మొదట మనవి చేసెదము. మా పెదతండ్రిగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువగట్టున నున్న యొక గ్రామమున పుట్టి పెరిగినవారు. 1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడినుండి కొల్లూరువరకు కాలువమీద పడవ గ్రంథాలయమును నడపిన సంగతి గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగినవారికి విదితమే. ఆ పడవ గట్టు చేరినప్పుడు పరుగెత్తిన పిల్లలలో మా పెదతండ్రిగారొకరు. తొంబదియేండ్ల వయసున ఒక సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఆయన ఆ ముచ్చట చెప్పుచుండిరి. "నేను మొట్టమొదట తీసుకున్న పుస్తకమేదో తెలుసునా నాయనా?" అని యడిగిరి. ఆ క్షణముననే మా జేబులోని ఫోను గుర్రుమనెను. తీసి చూచితిమి. అవసరమైన వార్త యేదియు కాదు. ఎవరో పంపిన హాస్యపు బొమ్మ. దాని వెంట మరియొకటి, దాని వెంట వేరొకటి చూచి తల యెత్తునప్పటికి, ఆయన వీథివైపు చూచుచు మౌనముగ నుండిరి. "చెప్పండి పెదనాన్నగారూ" అంటిమి. "పనిలో ఉన్నావు నాయనా, మళ్లీ వచ్చినప్పుడు చెబుతాలే" అనిరి. మరల మేము వెళ్లునప్పటికి ఆయన లేరు. ఆ పుస్తకమేదో చెప్పగలవారు నేడీ లోకమున మరియెవ్వరును లేరు.

సోదరులారా! ఈ నష్టమునకు పోలీసువారు కేసు వ్రాయరు. ఏ పద్దులోను ఇది నమోదు కాదు. కాని ఇట్టి నష్టము నేడు ప్రతి యింటను, ప్రతి సాయంకాలమును జరుగుచున్నది. దినమునకు మూడు గంటలు తెరను చూచువాడు తాను మితముగలవాడననియే తలంచును. లెక్కింపుడు. సంవత్సరమునకు 1,095 గంటలు. అనగా 45 అహోరాత్రములకు మించిన కాలము. ఇరువదియేండ్లు గడచునప్పటికి రెండున్నర సంవత్సరముల జీవితమును నిద్రాహారములు లేక తెరకే ధారవోసినట్లగును. అప్పుగా నిచ్చిన ధనమును కోర్టుకెక్కియైన రాబట్టవచ్చును. ఇట్లు పోయిన కాలమును మరల రాబట్టునట్టి న్యాయస్థానము లేదు.

అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఏకాగ్రతనే ఒక కళగా మలచి, దానిని నిండుసభలో పరీక్షకు నిలిపిన జాతి మనది. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు అక్షరములను నిషేధింతురు. ఒకరు గంట మ్రోగింతురు. ఒకరు అప్రస్తుత ప్రసంగము చేసి బుద్ధిని పెడత్రోవ పట్టింప జూతురు. ఇన్నిటి నడుమను పద్యపుటెత్తుగడను మరువక, కడపట అన్నిటిని ధారణచేసి యొప్పగించినవాడే అవధాని. ఆ సభలో అప్రస్తుత ప్రసంగి యొక్కడే. సభ ముగియగనే వాడు తన యింటికి పోవును. నేడో, ఆ గంటయు, ఆ అప్రస్తుత ప్రసంగియు మన జేబులలోనే కాపురముండి, రాత్రులు మన తలగడల ప్రక్కనే పవళించుచున్నారు. మన పద్యము మాత్రము రెండవ పాదమునొద్దనే నిలిచిపోయినది.

ఈ అప్రస్తుత ప్రసంగి తనంతట తాను మాటలాడువాడు కాడు; వానిని నియమించినవారు కలరు. సమాచారము పెరిగినకొలది దానిని గ్రహించు అవధానమునకు కరవు వాటిల్లునని అమెరికా పండితుడు హెర్బర్టు సైమను 1971లోనే హెచ్చరించెను. కరవున్నచోటికి వర్తకుడు చేరుట సహజము. 2007లో ఐఫోను వెలువడెను. మరుసటియేట ఆండ్రాయిడు ఫోను బజారునకెక్కెను. వానియందు మనము చూచు ముచ్చటలకును, వినోదములకును మనము పైసయు చెల్లింపకపోవచ్చును. చెల్లించువారు ప్రకటనదారులు. వారు కొనుచున్న సరకు మన యవధానమే. మనమెంతసేపు చూచిన వర్తకునకు అంత లాభము.

ఆ చూపును పట్టియుంచు నుపాయములు కాకతాళీయముగ పుట్టినవి కావు. మీటను పొడిచినప్పుడెల్ల గింజ లభింపక, ఎప్పుడు లభించునో తెలియనిచో పావురము మరింత విడువక పొడుచుచుండునని స్కిన్నరను మనస్తత్వశాస్త్రవేత్త ప్రయోగములవలన తెలియవచ్చెను. మన వ్రేళ్లు తెరపై చేయుచున్న పనియు అదియే. ఒక కదలికకు నిస్సారము, ఒక కదలికకు నవ్వు, ఒక కదలికకు మిత్రుని మెప్పు. పుస్తకమునకు కడపటి పుట గలదు, పత్రికకును గలదు. అచ్చట నిలిచి, లేచి, భోజనమునకు పోవచ్చును. అట్టి కడపటి పుట లేకుండ, క్రిందికి జరుపుకొలది పెరుగుచునే యుండు నేర్పాటును 2006లో అజా రాస్కినను నతడు కల్పించెను. పిదప అతడే దానికి బహిరంగముగ పశ్చాత్తాపపడెను. ఫేసుబుక్కు 2009లో లైకు మీటను చేర్చెను. ఆ సంస్థకు ప్రథమాధ్యక్షుడుగ నుండిన షాన్ పార్కరు, జనుల కాలమును, అవధానమును వీలైనంత హెచ్చుగ గైకొనుట యెట్లను ఆలోచనతోనే దానిని నిర్మించితిమని 2017లో బాహాటముగ నొప్పుకొనెను. ముద్దాయియే నేరము నంగీకరించిన పిదప సాక్షులను పిలువ పనిలేదు.

దీనికి స్వదేశి మందు చాలునని కొందరు మిత్రులందురు. ఆ మందు యెంత పనిచేసెనో చూతము. 2020 జూను 29వ తేదీన మన ప్రభుత్వము దేశభద్రతను పురస్కరించుకొని టిక్‌టాకుతోకూడ 59 చైనా యాప్‌లను నిషేధించెను. కొన్ని దినములకే ఇన్‌స్టాగ్రాము రీల్సు ఆ తావున ప్రత్యక్షమయ్యెను. మోజు, జోషు అను పేళ్లతో మన దేశపు సంస్థలును అదే వర్తకమునకు దిగెను. జనుల చేతులకు ఒక్కవారమైన విశ్రాంతి దొరకలేదు. సంకెలను స్వదేశమున పోతపోసినంతమాత్రమున అది కంకణము కాజాలదు. ఇచటి ప్రశ్న వర్తకుడెవ్వడని కాదు. మన యింటి తలుపునకు గడియ యున్నదా యని.

మేము యంత్రద్వేషులము కాము. 2016లో డేటా ధర పడిపోయిన తరువాత రైతును, కూలియు, చిల్లర వర్తకుడును ఫోనువలన పొందిన మేలు సామాన్యమైనది కాదు. 2020 కరోనా దినములలో బడులు మూతపడినపుడు ఎందరో బాలురకు అదియే పలకయు, పంతులునైనది. ఫోను లేని బిడ్డ చదువు నాడు వెనుకబడెనుగూడ. అమెరికాలోనో, గల్ఫు దేశములలోనో ఉన్న కొడుకు ముఖమును తెరపై చూచుకొని కన్నీరు తుడుచుకొను తల్లిని ఎవడు మందలింపగలడు? రైలును విమర్శించిన గాంధీమహాత్ముడు రైలెక్కియే దేశమంతయు తిరిగెను. అయినను వారమునకొక సోమవారము మౌనము పాటించెను. ఎంత గొప్ప పని తరుముచున్నను ఆ దినమున ఆయన పలుకు ఆయన వశము. సాధనమును వాడుకొనుట వేరు, సాధనమే మనలను వాడుకొనుట వేరు.

ఇచట నొక హెచ్చరిక. ఫోను చూచు ప్రతివానిని వ్యసనపరుడని ముద్రవేయుట తగదు. ప్రపంచారోగ్యసంస్థ 2019లో అంగీకరించి 2022లో అమలుపరచిన రోగపట్టికలో తెరయాటల వ్యసనమునకు చోటిచ్చెనే గాని, ఫోను వాడుకనంతటిని రోగమని చెప్పలేదు. అట్లని మనోవైద్యులు దీనిని ఉపేక్షింపనులేదు. బెంగుళూరులోని నిమ్‌హాన్సు వైద్యాలయమున 2014లోనే ఇందుకొక ప్రత్యేక చికిత్సాశాల నెలకొల్పబడెను. నిద్రయు, చదువును, జీవనమును చెడినను విడువజాలని బిడ్డ కనబడినచో, కొట్టి తిట్టి ఫోను లాగికొనక వైద్యుని యొద్దకు తీసికొనిపోవలయును. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానసు సహాయమునకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఆ ఫోనే ఇట్టి మేలునకు నుపకరించుట గమనింపుడు.

తక్కిన మనవంటివారి మాటయేమి? మనస్సు గట్టిచేసికొనుమని చెప్పుట సులభము. వేయిమంది నిపుణులు పూని నిర్మించిన వలను ఒంటరివాడు తన సంకల్పబలముతో త్రెంచుకొనుట దుర్లభము. ఇరుగుపొరుగు లందరును చూచుచుండగా తానొక్కడు చూడకుండుట మరియు దుర్లభము. నలుగురితో గూడి చిక్కుకొన్న వలనుండి నలుగురితో గూడియే వెలువడవలయును. మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లాలోని వడ్గావ్ అను గ్రామము 2022 ఆగస్టున ఈ మర్మమును కనిపెట్టెను. సాయంకాలము ఏడు గంటలకు సైరను మ్రోగుట, గ్రామమంతయు ఫోనులను, టెలివిజనులను కట్టివేయుట, ఎనిమిదిన్నరకు మరల సైరను మ్రోగువరకు పిల్లలు చదువుకొనుట, పెద్దలు ముచ్చటలాడుకొనుట, ఇది వారి కట్టుబాటు. తొలుత జనులను ఒప్పించుట సులభము కాలేదు. ఇంటింటికిని పోయి నచ్చజెప్పవలసి వచ్చెను. అచ్చటి గంట అవధానమును చెరుపుటకుగాక కాపాడుటకు మ్రోగినది. బడులలో బాలుర ఫోను వాడుకను 2018లో ఫ్రాన్సు శాసనముచే నిషేధించెను. పదునారేండ్లలోపు వారిని సోషలు మీడియాకు దూరముంచు శాసనమును ఆస్ట్రేలియా 2024లో చేసి 2025 డిసెంబరునుండి అమలుపరచెను. శాసనముల ఫలము కాలమే చెప్పవలయును. కాని శాసనము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట మనకు పాడిగాదు.

మన పెద్దలు అట్లు కూర్చుండలేదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును 1901లో స్థాపించినవారుగాని, 1914లో బెజవాడయందు ప్రథమాంధ్రదేశ గ్రంథాలయ సభను జరిపినవారుగాని, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పినవారుగాని ప్రభుత్వోత్తరువులకై వేచియుండలేదు. చదువరానివాని చెంతకు పుస్తకమును మోసికొనిపోయిరి. జనుల అవధానమును మేలైనదానివైపు త్రిప్పుటయే వారి యుద్యమము. ఆ వారసత్వమునకు హక్కుదారులము మనమే. హక్కుతోడనే బాధ్యతయు సంక్రమించును.

కావున ఈ సభవారి కొక చిన్న కార్యక్రమమును సూచింతుము. భోజనపు విస్తరి చెంతకు ఫోను రాకూడదు. పడకగదిలో దానికి చోటుండరాదు. మేల్కొలుపునకు గడియారము లేకపోలేదు. అత్యవసరమగు పిలుపులుతప్ప తక్కిన గంటలన్నిటిని ఫోనునందే ఆపివేయవలయును. బిడ్డల చేతినుండి ఫోను తీసికొనుటకు ముందు తండ్రి తన చేతిది క్రింద పెట్టవలయును. కడపటిది ఈ మందిరమునకు సంబంధించినది. ప్రతిదినము సాయంకాలము ఏడు మొదలు ఎనిమిది గంటలవరకు ఇచటికి వచ్చువారందరును ద్వారమునొద్దనున్న పెట్టెలో ఫోనులుంచి లోనికి రావలయును. ఆ గంటలో పత్రిక చదువుడు, వాదించుకొనుడు, చదరంగ మాడుడు, ఊరక కూర్చుండుడు. ఊరక కూర్చుండుట కూడ మనము మరచిన విద్యయే.

ఇట్టి స్వల్ప నియమములతో దేశముద్ధరింపబడునా యని నవ్వువారు కలరు. తన చూపును ఎచ్చట నిలుపవలయునో తాను నిర్ణయించుకొనజాలనివానికి ఓటుహక్కువలన గాని, వాక్స్వాతంత్ర్యమువలన గాని కలుగు ప్రయోజనమెంత? 1947లో దేశము మన చేతికి వచ్చినది. మన దినములోని యొక గంటను మనమే యేలుకొనలేమా?

సోదరులారా! మీ యిండ్లలో పెద్దలున్నారు. నేటి రాత్రి ఇంటికి పోయి, ఫోనును వేరుగదిలో నుంచి, వారి చెంత కూర్చుండి, "మీరు మొట్టమొదట చదివిన పుస్తకమేది?" అని యడుగుడు. చదువెరుగనివారైనచో మొట్టమొదట చూచిన నాటకమేదో, తొక్కిన త్రోవయేదో యడుగుడు. వారు జవాబు చెప్పి ముగించువరకు తల వంచకుడు. మేము పోగొట్టుకొన్న జవాబు మాకు మరల రాదు. మీ జవాబు లింకను మీ యిండ్లలోనే యున్నవి.